పట్టు జారిన గురువారాలు

"గోడతో ముచ్చట్లయినాయా, నేనింకాసేపు నిలబడల్లా?"

వెనక నుంచి ఆడగొంతు వినబడినా వీరేష్ తల తిప్పలేదు. మంచంలో పడ్డవాడికి తల తిప్పడం కూడా ఒక పనే మరి.

"గోడైతే జాలి పడదు," అన్నాడు.

"నేనూ పడను. కదిరి నుంచి బస్సులో నిలబడి వచ్చినా. కాళ్ళు పీకుతాండాయి. జాలుంటే నువ్వే నా మీద పడాల."

అట్లా ఊడిపడింది సువార్త ఆ ఇంటికి. కదిరిలో ఒక సంస్థ తరఫున పల్లెలు తిరిగే ఫిజియో పిల్ల. చంకలో గొడుగు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది కాబట్టి అది ఎండకే.

వీరేష్ మాత్రం పుట్టుకతో ఇట్లా ఉన్నవాడా ఏం! ట్రాక్టరు నిండా పశువుల మేతకు వేరుశెనగ కట్టె వేసుకుని, దాని మీద కూర్చుని పాటలు పాడుకుంటూ వస్తుంటే చక్రం గుంతలో పడింది. అతను మెడ మీద పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడ్డాయి. చేతుల్లో మణికట్టు పైకి లేస్తుంది గానీ వేళ్ళు మాట వినవు.

మొదట్లో నేస్తగాళ్ళు గుంపుగా వచ్చి క్రికెట్ స్కోర్లు చెప్పేవాళ్ళు. తర్వాత కొందరు బెంగుళూరు పనులకు పోయారు, ఉన్నవాళ్ళు వేరే వీధిన నడిచారు. వాళ్ళను తిట్టి ఏం లాభం, పరామర్శ ఎన్నాళ్ళని చేస్తారు! తల్లి తిమ్మక్క తెల్లారి కూలికి పోతే పొద్దుగూకేదాకా ఇంట్లో అతనూ, ఈగలూ. దారి తప్పి వచ్చిన కోడితో కూడా మాట్లాడేవాడు. అది కూడా ఎక్కువసేపు ఉండేది కాదు.

సువార్త అతని మణికట్టు పట్టి పైకి వంచింది. వేళ్ళు వాటంతటవే మెల్లగా ముడుచుకున్నాయి.

"చూసినావా? వేళ్ళకు బలం లేకపోయినా మణికట్టుకుండాది. పైకెత్తితే పట్టు, దించితే వదులు. వేళ్ళు కొంచెం బిగుసుకోనీ, గ్లాసెత్తించే పూచీ నాది."

"గ్లాసెత్తితే నీకేమొస్తాది మేడమ్?"

"జీతం!"

వీరేష్ నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

అప్పటినుంచి అతని వారంలో ఆమె వచ్చే గురువారం ఒక్కటే రోజు. పొద్దున్నించే బస్సు హారన్ కోసం చెవులు రిక్కించేవాడు. ఒక గురువారం ప్లాస్టిక్ కప్పు పట్టాడు. సువార్త చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మరుసటి వారానికి కప్పు జారింది. ఆ పై వారమూ అంతే.

"సాధన చేస్తాండావా లేదా?"

"చేస్తాండా."

"మరి వేళ్ళింత వదులుగా ఎందుకుండాయప్పా? ఇట్లే ఉంటే ఆఫీసులో నీ కేసు మూసేస్తారు. నన్ను మడకశిర పక్కకేస్తారు."

"పట్టొస్తే?"

"అప్పుడూ రాను గదా. పనైపోయినట్టే."

ఇదెక్కడి న్యాయం! చెయ్యి వచ్చినా ఆమె రాదు, రాకపోయినా రాదు. ఆ బెంగ వీరేష్ మొహంలోనే కనబడినట్టుంది, సువార్త చూపు మారిపోయింది.

"కావాలనే జారుస్తాండావా? నేను రావల్లని?"

కాదని గట్టిగా అనాల్సింది. తల గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె విసవిసా వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు మలుపు దాటేదాకా విని, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సు యాడనో చెడిపోయి రాలేదు. నిలబడి నిలబడి, దాహమేసి, కోపాన్ని దిగమింగుకుని సువార్త తిరిగొచ్చింది. వచ్చి గడపలోనే ఆగిపోయింది.

కూలి నుంచి వచ్చిన తిమ్మక్క కొడుకు చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆముదం రాసి, మణికట్టు వెనక్కి వంచి ఒక్కో వేలునూ బలంగా సాగదీస్తోంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఇవి ముడుచుకునేది చూసినప్పట్నుంచీ దినామూ చేసేదే పాపా. ఎంత సాపు చేసినా ముడుచుకపోతానే ఉండాయి, పాడు వేళ్ళు!"

పగలంతా కొడుకు బిగించుకున్న పట్టును సాయంత్రాలు ప్రేమగా ఊడదీస్తున్నది కన్నతల్లే! తల్లి చేతిని ఆపే మనసు వీరేష్‌కు లేదు, అది తప్పని అతనికీ తెలీదు. సువార్త తల పట్టుకుంది.

"ఆపమ్మా! ముడుచుకుంటేనే పట్టు. నువ్వుండే పొద్దుకు నేనెప్పుడూ రాకపోతి, నీకు చెప్పల్లని తోచకపోయె. తప్పు నాదే."

తిమ్మక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వంకర వేళ్ళోనికి పిల్లనెవురిస్తారు పాపా? నేను సచ్చినాక వీనికి ముద్ద పెట్టేదెవురు?"

"ముద్ద ఆయప్పే తింటాడు. పిల్ల సంగతి..." అని ఆగి, "మల్లా చూద్దాం," అంది సువార్త. వీరేష్ మొహం వైపు చూడలేదు.

తిమ్మక్క ఆముదం సీసా అటకెక్కించింది. ఉగాది దాటేసరికి వేళ్ళు బిగిశాయి. ఒక గురువారం వీరేష్ స్టీలు గ్లాసుతో మజ్జిగ ఎత్తి, తాగి, ఒలకకుండా దించాడు. ఈసారి సువార్త చప్పట్లు కొట్టలేదు.

"అయిపోయింది గదా," అన్నాడు.

"అయిపోయింది."

బయట నాలుగు చినుకులు రాలి, తప్పు చేసినట్టు ఆగిపోయాయి.

"ఒక మాట చెప్తా, తిట్టొద్దు. నేను కావాలని జార్చలేదు. కానీ జారినప్పుడల్లా సంతోషపడినా."

"ఆ పొద్దు నాకంత కోపం ఎందుకొచ్చిందనుకున్నావు? నాకూ సంతోషమే అయింది. ఫిజియోనై ఉండి, సిగ్గులేకుండా!"

వీరేష్‌కు ఆనందం కన్నా ముందు భయమేసింది. "నాతో ఉంటే సగం పనులు నీ నెత్తినే పడతాయి సువార్తా."

"మిగతా సగం నీతో చేయిస్తా. వదుల్తాననుకున్నావా?" అని చెయ్యి చాచింది.

అతను మణికట్టు ఎత్తాడు. వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళను చుట్టుకున్నాయి.

"ఒరేయ్!"

గడపలో తిమ్మక్క. ఎప్పుడొచ్చిందో ఏమో. సువార్త చెయ్యి లాక్కోబోయింది, వీరేష్ మణికట్టు దించితే గదా!

"మీ నాయన యాడుంటాడు పాపా?" అంది తిమ్మక్క.

"కదిరిలోనే, చర్చి పక్కన."

"మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. ఒప్పుకుంటాడా?"

"తెలీదమ్మా. మా నాయనకు కోపమెక్కువ."

తిమ్మక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, కొడుకు చేతినీ, దానిలోని చేతినీ కాసేపు చూసింది.

"కోప్పడితే పడనీ. రేపు నేను కూలికి పోను. మొదటి బస్సుకే పోయి అడుగుతా."