ఏడో నంబరు ప్రెస్సు దగ్గర చెయ్యి

మా కంపెనీలో ఏడో నంబరు ప్రెస్సుకి చెడ్డపేరు వచ్చింది. తాళం వేసి ఉన్న షెడ్డులో రాత్రిళ్ళు అక్కడ ఒక చెయ్యి తిరుగుతుందట. మనిషి కాదు... ఒట్టి చెయ్యి. మణికట్టు దాకా.

ఆ చెయ్యి మా అన్నయ్యది.

నవ్వకండి. అన్నయ్య నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఎడంచేత్తో చొక్కా బొత్తాలతో కుస్తీ పడుతున్నాడు. చెయ్యి మాత్రం దెయ్యమైందట! ఈ మాట మొదట ఎవడన్నాడో తెలిస్తే వాడి నాలుక కొయ్యాలని ఉండేది నాకు. నేను అదే కంపెనీలో ప్యాకింగులో పనిచేస్తాను, రోజూ వినాలి కదా.

అది రేకులు కత్తిరించే ప్రెస్సు. పైనుంచి అచ్చు దిగేటప్పుడు చెయ్యి లోపలికి పోకుండా ఇనప తొడుగు ఉండాలి. అది ఉంటే పని జోరు తగ్గుతుందని సూపర్‌వైజర్ ఏడాది కిందటే విప్పించి స్టోరులో పడేశాడు. ఒకరోజు అచ్చు దిగింది. అన్నయ్య కుడిచెయ్యి పోయింది.

నష్టపరిహారానికీ, నెలనెలా వచ్చే భృతికీ అర్జీ పెడితే కంపెనీ ఇచ్చిన జవాబేమిటో తెలుసా? "తొడుగు బిగించే ఉంది. పక్కనుంచి చెయ్యి దూర్చి తనే తెచ్చుకున్నాడు." ఆ కాగితం చదివి వదిన ఏడవనైనా ఏడవలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రెస్సు చూస్తాడు, తొడుగు ఉంటే అర్జీ కొట్టేస్తాడు. అన్నయ్య ఇక జన్మలో ఏ ప్రెస్సూ నడపలేడు.

ఇక రాత్రి సంగతి. ఇది వాచ్‌మన్ బాబాయి చెప్పగా విన్నాను. సొంత బాబాయి కాదు, కంపెనీ అంతటికీ బాబాయే. ఆరడుగుల మనిషి, బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కుతాడు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందు రాత్రి, షెడ్డు తలుపు తాళం తీసి ఉంది. "అటు రౌండుకి వెళ్ళకు, మంచిది కాదు" అని సూపర్‌వైజర్ ముందే హెచ్చరించాడు. కానీ దొంగతనం జరిగితే ఉద్యోగం ఊడుతుంది. దెయ్యమా, ఉద్యోగమా అని కాసేపు తలుపు దగ్గరే ఊగిసలాడాడు. చివరికి ఉద్యోగమే గెలిచింది.

లోపల కరెంటు లేదు. గ్రీజు వాసన. చీకటి...

టక్.

బాబాయి ఆగిపోయాడు.

టక్... టక్...

ఏడో నంబరు దగ్గర్నుంచే. నేలమీద చిన్న వెలుగు. ఆ వెలుగులో, ఇనుము మీద — ఒక చెయ్యి! మణికట్టు దాకా. నల్లగా, తడిగా... వేళ్ళు కదులుతున్నాయి.

బాబాయి చేతులు జోడించాడు. "అబ్బాయ్... నేను నీకేం అన్యాయం చెయ్యలేదురా..." అని గొణిగాడట.

"ఎవడ్రా అది?" అంది చెయ్యి.

సూపర్‌వైజర్ గొంతు!

టార్చి పైకి లేచింది. నల్ల చొక్కాలో సూపర్‌వైజర్, పక్కన పానా పట్టుకుని ఫిట్టరు. స్టోరులోని తొడుగు తెచ్చి ప్రెస్సు ఎడమ స్తంభానికి బిగించారు. ఇప్పుడే పెట్టినట్టు కనబడకుండా దానికి వాడేసిన గ్రీజు పూస్తున్నారు.

"నువ్వేం చూడలేదు బాబాయ్," అన్నాడు సూపర్‌వైజర్ మెల్లగా. "దెయ్యాన్ని చూశావు. అర్థమైందా?"

తెల్లవారుతూనే బాబాయి మా ఇంటికొచ్చి అంతా చెప్పాడు. ఆ పుకారు పుట్టించింది ఎవడో అప్పుడు తెలిసింది నాకు. థూ! మనిషి చెయ్యి తిన్నది చాలక, దాన్ని దెయ్యం చేసి కాపలా పెట్టుకున్నారు.

అన్నయ్య మాత్రం ఒక్కటే అడిగాడు. "ఎడమ స్తంభానికేనా?"

"అవును నాయనా."

చెయ్యి పోయాక మొదటిసారి అన్నయ్య నవ్వాడు. వంద ముక్కలు కొట్టినప్పుడల్లా అతను ఆ ఎడమ స్తంభం మీద సుద్దతో ఒక గీత గీస్తాడు, పైన ఆ రోజు తేదీ వేసి. మర్నాడు తుడిచేసి మళ్ళీ మొదలు. "ఆ రోజు నాలుగు గీతలయ్యాయి. ఐదో వందలో ఉండగా పోయింది చెయ్యి. తొడుగు పలక సరిగ్గా వాటి మీదే కూర్చుంటుంది."

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సూపర్‌వైజర్ తొడుగు మీద తట్టి మరీ చూపించాడు. అన్నయ్య ముందుకొచ్చి, "విప్పించండి సార్," అన్నాడు. ఫిట్టరు బోల్టులు తీశాడు.

పలక కింద తెల్లగా సుద్దగీతలు. పైన ప్రమాదం జరిగిన రోజు తేదీ.

"ఇది బిగించి ఉంటే దీని వెనకాల ఎలా రాశాడయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు ఫొటో తీసుకున్నాడు. ప్రమాదం నాడు తొడుగు లేదని రాసి, కింద సూపర్‌వైజర్ చేతే సంతకం పెట్టించాడు. వాడి చెంప పగలగొట్టాలని నా చెయ్యి ఎంత దురద పెట్టిందో!

"గెలిచాం అన్నయ్యా," అన్నాను.

అతను వినడంలేదు. స్తంభం వంకే చూస్తున్నాడు.

"గీతలు లెక్కపెట్టు..." అన్నాడు, గుసగుసగా.

నాలుగు నిలువు గీతలు. వాటిమీదుగా అడ్డంగా, తిన్నగా... ఐదోది.

"నేను నాలుగే గీశాను అమ్మలూ."

ప్రమాదం జరిగిన రోజు నుంచీ షెడ్డుకి తాళమే. తెగిపడ్డాక కూడా ఆ చెయ్యి కంపెనీవాళ్ళ ఐదో వంద ముక్కలూ పూర్తిచేసి మరీ వెళ్ళింది.