మహారాణి లేచేదాకా

"ఈనడానికి ఇంకా మూడు వారాలుంది. అందాకా కాల్షియం టానిక్ ఒక్క చుక్క కూడా పట్టొద్దు," అంది డాక్టరమ్మ, మా ఆవు మహారాణి కడుపు తడుముతూ.

"పాలిచ్చే తల్లికి కాల్షియం వద్దా? ఎక్కడ చదివారండీ మీరు?"

"మీరు చదవని చోట. ఇప్పుడు పుష్కలంగా పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని దాని ఒళ్ళు మానేస్తుంది. ఈనగానే పాలు దిగుతాయి, రక్తంలో కాల్షియం పడిపోతుంది, వెనకే మహారాణీ పడిపోతుంది."

తలూపాను. ఆవిడ కళ్ళు చూస్తూ దేనికైనా తలూపుతాను, అదే నా జబ్బు. కానీ మనసు ఊరుకుంటుందా! నాయనమ్మ కంటపడకుండా రోజూ టానిక్ పట్టాను.

ఆదివారం పొద్దున మహారాణి ఈనింది, పెయ్యదూడ. మధ్యాహ్నానికల్లా మెడ పక్కకి వాల్చి కూలబడింది. చెవులు చల్లబడ్డాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరమ్మ వానలో తడుస్తూ వచ్చింది. "టానిక్ పట్టలేదుగా?"

"అబ్బే, లేదండీ."

ఆవిడ మొహం మారింది. "అయితే ఇది వేరే జబ్బేమో. ఊరికే కాల్షియం ఎక్కిస్తే గుండెకి ప్రమాదం. రక్తం ల్యాబుకి పంపుదాం, సాయంత్రానికి తెలుస్తుంది."

మహారాణికి సాయంత్రం దాకా టైం లేదని నాకే తెలుస్తోంది.

"పట్టానండీ! మూడు వారాలూ, రోజూ!"

నాయనమ్మ తల బాదుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మెడ నరంలోకి సూది దింపి, కాల్షియం బాటిల్ నా చేతికిచ్చింది. "ఇంతకంటే పైకెత్తకండి. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది." స్టెతస్కోపు పెట్టి వింటూ కూర్చుంది.

ఇరవై నిమిషాలు బిగుసుకుని నిలబడ్డాను. చెయ్యి లాగేస్తోంది. అంతలో మహారాణి ఒళ్ళు జలదరించింది, బ్రేవ్‌మని త్రేన్చింది, తూలుతూ లేచి నిలబడింది. అంత తీయని త్రేన్పు నా జన్మలో వినలేదు!

"ఇంకేమైనా దాచారా?" అంది ఆవిడ బ్యాగు సర్దుకుంటూ.

ఇక అబద్ధమాడే ఓపిక లేదు. "పోయిన నెల మహారాణికి జ్వరమని మూడుసార్లు పిలిచాను. ఏ జ్వరమూ లేదు. మిమ్మల్ని చూడాలని... మీరంటే ఇష్టమండీ."

"జ్వరం లేదని మొదటిసారే తెలుసు. థర్మామీటర్ పెట్టింది నేనేగా."

"మరి మిగతా రెండుసార్లూ ఎందుకొచ్చారు?"

ఆవిడ సర్దిన బ్యాగే మళ్ళీ విప్పి సర్దుతోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

దూడని తుడుస్తున్న నాయనమ్మ పకపకా నవ్వింది. "ఒరేయ్ మొద్దావతారం, ఇంకా అర్థం కాలేదా? వెళ్ళి గొడుగు తెచ్చి డాక్టరమ్మకి పట్టు. చెయ్యి నొప్పని మాత్రం అనకు, జన్మంతా పట్టాలి!"