జోడీ ఆఫీసరు సుబ్బులమ్మ

“కట్. ఏం గిరీ, ఆ ఒక్క మాట నోట్లోంచి రాదా?” గొడుగు కింద నుంచే కసురుకుంది కోమలి.

పలమనేరు బస్టాండు పక్క టీ బంకు ముందు, తుంపరలో షూటింగ్. కోమలి తీస్తున్న షార్ట్ ఫిల్ములో ఊరికంతా ఒకటే చట్టం: జోడీ లేనివాళ్ళకు టీ పొయ్యరు. వన్ బై టూ మాత్రమే. ఒంటరిగా వచ్చి అడిగినవాడిని జోడీ ఆఫీసరు ఊరవతలికి తరిమేస్తుంది. గిరి ఆ ఒంటరివాడు. తప్పించుకోవడానికి, పక్కనున్న పిల్లను చూపించి “ఈమంటే నాకు ప్రేమ” అని అబద్ధమాడాలి. ఆ పిల్ల వేషం కూడా కోమలిదే.

ఆఫీసరు వేషం వెయ్యాల్సిన మనిషి ఎగ్గొడితే, కోమలి తన తల్లి సుబ్బులమ్మకే ఖాకీ చొక్కా తొడిగింది. ఆవిడకు నటన అవసరమే లేకపోయింది. ఇంట్లో రోజూ కూతుర్ని అడిగేవే ఇక్కడా అడిగింది.

“వయసెంత? జోడీ యాడ?” లాఠీ ఊపుతూ, స్క్రిప్టులో లేనిది కూడా కలిపేసింది. “ఆదివారం చిత్తూరోళ్ళు సూసేదానికి వస్తుండారు. మా పిల్ల ఊ అనింది.”

గిరి చప్పున కోమలి వైపు తిరిగాడు. “నిజమా కోమలీ?”

“రోజూ అడిగి ప్రాణం తీస్తా ఉంటే ఏం సేసేది? ఊ అన్నా. నువ్వు డైలాగు సెప్పు.”

గిరి ఎన్నాళ్ళుగానో గొంతులో దాచుకున్న మాట అదే. ఇప్పుడు చెబితే, ఆదివారానికి భయపడి చెప్పాడనుకుంటుంది. చెప్పకపోతే పిల్ల చెయ్యి జారిపోతుంది. పాపం, మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

“వాన పెద్దదయ్యేటట్టు ఉండాది,” అంది కోమలి. “యాక్టింగ్ రాదని ముందే సెప్పుండొచ్చు గదా?”

“యాక్టింగ్ వస్తాది. ఈ మాట అబద్ధంగా సెప్పేదే నాకు రాలా.”

కోమలి చేతిలో గొడుగు వాలిపోయింది. కట్ చెప్పడం కూడా మర్చిపోయింది.

“ఆదివారం వస్తాండాదనా?” అంది మెల్లగా.

“ఆదివారం లేకపోయినా ఇదే మాట. నీకిష్టం లేకుంటే లేదను, నేను పోతా. పెండ్లి పెండ్లని నిన్ను తరిమేవాళ్ళలో నేను గూడా ఒకణ్ణి కాను.”

అలా ఎవరూ ఆమెకు ‘లేదు’ అనే వీలివ్వలేదు ఇంతవరకూ. కోమలి కళ్ళు తడిశాయి. “పోయిన నెలే సెప్పుంటే, చిత్తూరోళ్ళకి ఊ అనేదాన్ని కాదు గదప్పా.”

సుబ్బులమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కూతురి మొహంలో అంత వెలుగు ఆవిడ చూసి చాలా కాలమైంది. లాఠీ చంకలో పెట్టుకుని, కొంగుతో పిల్ల తల తుడిచింది.

“చిత్తూరోళ్ళకి వద్దని నేను సెప్తాలే. సరే గానీ, పెండ్లి ఎప్పుడు పెట్టుకుందాం?”

కోమలి నవ్వుతూ గిరి చెయ్యి పట్టుకుంది. “కాసేపు ప్రేమించుకోనీమ్మా.”