కనిగిరి ఫ్లాపీ

"నేను తాగి డ్యూటీ చేశానట సార్! డాక్టర్ గారు పదిమందిలో ఆ మాట అని, డ్యూటీ మాన్పించేశారు!"

అది 1988 వేసవి. గుంటూరులో ప్రైవేట్ డిటెక్టివ్ ఖాదర్ వలి ఆఫీసులో అడుగుపెడుతూనే సంతోషకుమారి భోరుమంది. ఆమె నల్లపాడులో డాక్టర్ సంజీవరావు నర్సింగ్ హోమ్‌లో నర్సు. అసిస్టెంట్ జయరావు మంచినీళ్ళు అందించాడు.

కాలు విరిగిన ఆదెమ్మ అనే మిరప కూలీని ప్రత్తిపాడు నుంచి తీసుకొచ్చారు. డెబ్బై ఏళ్ళు, ముప్ఫై అయిదు కిలోల బరువు. ఎముక సరిచేసే ముందు ఇచ్చే మత్తుమందు మోతాదును, వయసూ బరువూ కొడితే కంప్యూటర్ చెబుతుంది. సంతోషకుమారి అది చెప్పినంత ఎక్కించింది. తీరా చూస్తే అది రెట్టింపు! ఆదెమ్మకు ప్రాణం దక్కింది గానీ మాట ఇంకా సరిగా రావడం లేదు.

"వయసు దగ్గర బరువు కొట్టావేమోనమ్మా?" అన్నాడు ఖాదర్ వలి.

"లేదండీ. తెరమీద డెబ్బై ఏళ్ళు, ముప్ఫై అయిదు కిలోలనే ఉంది. మెషిన్ చెప్పినంతే ఇవ్వాలని డాక్టర్ గారి ఆర్డరు."

వాళ్ళు నర్సింగ్ హోమ్‌కి వెళ్ళారు. అక్కడ ఆ కంప్యూటర్ ప్రోగ్రాం పెట్టిన కంపెనీ ఇంజనీరు చెంచురామయ్య దర్జాగా యాభై ఏళ్ళు, యాభై కిలోలు అని కొట్టి చూపించాడు. "ఎప్పుడూ ఇదే కొట్టి టెస్ట్ చేస్తానండీ. తప్పు రానే రాదు."

జయరావు ఆదెమ్మ అంకెలు కొట్టాడు. మోతాదు సరిగ్గానే వచ్చింది. జయరావు మొహం వాడిపోయింది.

"ఆదెమ్మకు మందెక్కించాక మెషిన్‌ని ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాడు ఖాదర్ వలి.

"మర్నాడు పొద్దున నేనే వచ్చి దుమ్ము తుడిచాను."

"ఏదో ఫ్లాపీ కూడా పెట్టావుగా," అన్నాడు డాక్టర్.

"రొటీన్ చెకప్ అండీ."

"ప్రోగ్రాం అంతా మీరే రాశారా?" ఖాదర్ వలి అడిగాడు.

"తెరమీద కనిపించేది నాది. మోతాదు లెక్కగట్టే భాగం బొంబాయిలో రెడీమేడ్‌గా కొన్నాం. పోయిన నెల నా భాగాన్ని కొత్త కంపైలర్‌కి మార్చాను. స్పీడెక్కువ."

"ఇంకెక్కడైనా పెట్టారా?"

"కనిగిరి ఆస్పత్రిలో కూడా పోయిన నెల కొత్తదే పెట్టాను. అక్కడికి మళ్ళీ వెళ్ళలేదు."

బయటికి రాగానే ఖాదర్ వలి కనిగిరికి ట్రంకాల్ చేసి, ఆ మెషిన్‌ని నమ్మొద్దని చెప్పాడు. జయరావు బస్సెక్కి వెళ్ళి అక్కడి ప్రోగ్రాంని ఫ్లాపీలో కాపీ చేసి తెచ్చాడు.

మర్నాడు అందరూ కంప్యూటర్ గదిలో చేరారు. ఖాదర్ వలి కనిగిరి ఫ్లాపీ పెట్టి, కుర్చీ డాక్టర్ వైపు జరిపాడు. డాక్టర్ యాభై, యాభై కొట్టాడు. సరిగ్గా వచ్చింది. డెబ్బై ఏళ్ళు, ముప్ఫై అయిదు కిలోలు కొట్టాడు. అంకెలు తెరమీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మోతాదు మాత్రం రెట్టింపు.

"మనం రాసింది మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్," అన్నాడు ఖాదర్ వలి చెంచురామయ్య వైపు తిరిగి. "ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. మీ కొత్తది రెండు అంకెలను చివరినుంచి అందిస్తుంది. బొంబాయి భాగం వాటిని మొదటినుంచి అందుకుంటుంది. ఆ రెంటినీ అతికిస్తే మెషిన్ అభ్యంతరం చెప్పదు. వయసు కాస్తా బరువైపోయింది. రెండూ యాభై అయితే తారుమారైనా తెలియదు. సంగతి తెలిశాక మీరు తెల్లారేసరికి వచ్చి, పాత కంపైలర్‌తో చేసింది పెట్టేశారు. అవునా?"

చెంచురామయ్య తల వంచుకున్నాడు. "బయటపడితే కంపెనీ మూతపడేదండీ..."

"పొరపాటు ఎవరైనా చేస్తారు," ఖాదర్ వలి గొంతు ఖంగుమంది. "కానీ ఈ పిల్లమీద తాగుబోతని ముద్ర వేస్తుంటే నోరు మూసుకున్నావు! ఇక్కడ సరిచేసి, అనుమానం వస్తుందని కనిగిరిని అలాగే వదిలేశావు! అక్కడ ఇంకో ముసలమ్మ చచ్చిపోతే ఏ నర్సుని చూపించేవాడివయ్యా?"

డాక్టర్ సంతోషకుమారి వైపు తిరిగాడు. "రేపట్నుంచి డ్యూటీకి రామ్మా, సంతోషకుమారీ."

"వస్తాను సార్. ముందు వార్డులో ఉన్న ఆదెమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళి తప్పు నాది కాదని చెప్పండి. నేను చెబితే నమ్మడు. మీ నోటితోనే చెప్పాలి."

సంజీవరావు లేచి వార్డు వైపు నడిచాడు. సంతోషకుమారి ఆయన వెనకాలే వెళ్ళింది.