రూపాయి బిళ్లంత సందు

అంకారావు ఈల వేస్తూ నిచ్చెన ఎక్కిన రోజునే ఆంజనేయులికి ఆ వడ్రంగి నచ్చలేదు.

ఈల సంగతి అలా ఉంచండి. ఆ నిచ్చెన ఆనించింది మాణిక్యం గది గోడకి. అసలు బాధ అదీ.

చీరాలలో చలమయ్యగారి మగ్గాల ఇంటి మీద ఉన్న గది అది. కింది మట్టిగోడలు ఇటుకల బరువు మోయలేవని పైన ప్లైవుడ్ షీట్లు కొట్టించారు. ఎనిమిదేళ్ల సముద్రపు గాలికీ వానలకీ షీట్ల అడుగు అంచులు నాని, పొరలు పొరలుగా లేచిపోయాయి. పాతవి ఊడదీసి కొత్తవి కొట్టడానికి పర్చూరు నుంచి అంకారావుని పిలిపించారు. కోర మీసం, నున్నగా దువ్విన క్రాపు, పైగా ఆ ఈల.

ఆంజనేయులు చలమయ్యగారి మేనల్లుడు. పూర్తి పేరు సీతారామాంజనేయులు. పెరట్లో నూలుకి రంగులు వేస్తాడు. మామ కూతురు మాణిక్యమంటే ప్రాణం. ఆ మాట నాలుగేళ్లుగా రంగు తొట్టికి చెప్పుకుంటున్నాడు గానీ మాణిక్యానికి చెప్పలేదు.

"అంకారావుగారూ, మజ్జిగ!" పైనుంచి మాణిక్యం గొంతు.

"బ్రహ్మాండంగా ఉందండీ!"

మజ్జిగలో బ్రహ్మాండమేమిటో! ఆంజనేయులు మంటెక్కిపోయి పచ్చ నూలు చిలపని ఎర్రరంగు తొట్టిలో ముంచేశాడు.

మాణిక్యం కిటికీలోంచి తొంగి చూసింది. "బావా, ఇదేం రంగు? వంకాయా, బురదా?"

"కొత్త డిజైను."

"ఎవరు కట్టుకుంటారట?"

"మజ్జిగలు పోసేవాళ్లు!"

ఆమె కిలకిలా నవ్వి కిటికీ మూసేసింది. ఆ నవ్వు తన కోసమా, ఆ మీసం కోసమా అని ఆంజనేయులు సాయంత్రం దాకా కుమిలిపోయాడు.

నాలుగో రోజు ఇంకో ఘోరం కంటబడింది. అంకారావు షీటు అంచులకి రంగు పూసి ఆరబెట్టి, పక్క షీటుకీ దీనికీ మధ్య రూపాయి బిళ్ల నిలబెట్టి మేకులు కొడుతున్నాడు. తర్వాత బిళ్ల తీసేస్తున్నాడు. గోడ నిండా నిలువుగా సన్నటి సందులు! వాటిలో ఒకటి సరిగ్గా మాణిక్యం అద్దం ముందు నిలబడే చోట.

"ఆ సందెందుకోయ్?"

"పనిలో మెళకువ లెండి," అని నవ్వాడు అంకారావు.

ఆ నవ్వుతో ఆంజనేయులికి అంతా తేలిపోయింది. ఎంత గుండెధైర్యం!

ఆదివారం అంకారావు పర్చూరు వెళ్లాడు, ఇంటిల్లిపాదీ మంగళగిరి పెళ్లికి వెళ్లారు. జ్వరమని పడుకున్న ఆంజనేయులు, వాళ్ల బండి కదలగానే నిచ్చెన ఎక్కాడు. వెదురు బద్దలు చెక్కి సందులన్నిట్లో బిగించి కొట్టి, పైన లప్పం మెత్తాడు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

అంకారావు తిరిగి రాకముందే, మంగళవారం ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. శుక్రవారం పొద్దున అంకారావు వచ్చి చూస్తే గోడంతా పొంగిన అప్పడంలా ఉబ్బి ఉంది. ఒక షీటయితే మేకులు పీక్కుని వీధిలోకి వంగింది.

చలమయ్యగారు మండిపడ్డారు. "ఇదటయ్యా నీ పనితనం? సామాను సర్దుకో! చీరాలలో ఇంకెవరింటా నువ్వు మేకు కొట్టకుండా చేస్తా!"

అంకారావు మొహం పాలిపోయింది. నిచ్చెన ఎక్కి, సందులోంచి ఓ వెదురు బద్ద లాగి తెచ్చి చూపించాడు. "ఇది నేను పెట్టింది కాదండీ, ఒట్టు!"

"మరి దెయ్యం పెట్టిందా?"

మాణిక్యం ఆ బద్ద అందుకుంది. దాని మీద ఎర్రరంగు వేలిముద్రలున్నాయి. తలెత్తి బావకేసి చూసింది. 

నోరు మూసుకుంటే చాలు, మీసం పర్చూరు వెళ్లిపోతుంది. కానీ మాణిక్యం కళ్లు ఇక తనకేసి ఎప్పటిలా చూడవు. ఆంజనేయులు ఓ అడుగు ముందుకేశాడు.

"నేనే మావయ్యా."

"నువ్వా! ఎందుకురా?"

"ఇతను... ఆ సందులోంచి మాణిక్యాన్ని చూస్తాడని."

వంటింట్లోంచి అత్త హనుమాయమ్మ "అయ్యో నా తండ్రీ!" అంది. అంకారావు ఆంజనేయుల్ని నిచ్చెన ఎక్కించి, బద్ద తీసిన సందు చూపించాడు. ఆంజనేయులు కన్ను పెట్టాడు. ఎదురుగా చెక్క అడ్డొచ్చింది. ఏమీ కనబడలేదు. ఆ ఆదివారం కోపంలో ఇలా కన్ను పెట్టి చూడాలనే తోచలేదు.

"వెనకాల నిలువు పట్టె ఉందండీ. రెండు షీట్లూ దానికే కొడతాం. వానకి ప్లైవుడ్ ఉబ్బితే సర్దుకోడానికి ఆ కాస్త చోటు."

ఆంజనేయులికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. కిందికి దిగి అంకారావు చెయ్యి పట్టుకుని, "నాది తప్పు, క్షమించు," అన్నాడు.

"నన్నడిగితే సరిపోయేదిగా బావా?" అంది మాణిక్యం.

"నిన్నింకెవడన్నా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!"

"అది కుళ్లు. అది అందరికీ కనబడుతూనే ఉంది. నేను వినాలనుకునే మాట అది కాదు."

మామ ఉన్నాడు, అత్త ఉంది, ఆ మీసం కూడా ఉంది. ఆంజనేయులు కళ్లు మూసుకుని అనేశాడు. "నువ్వంటే నాకు ప్రాణం, మాణిక్యం!"

"నాలుగేళ్లు పట్టిందా ఈ ముక్కకి?" అంది ఆమె. 

చలమయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "ఒరేయ్, రేపట్నుంచి అంకారావు దగ్గర పని చెయ్యి. నువ్వు పాడు చేసిన గోడ నువ్వే నిలబెట్టాలి. పెళ్లి మాట ఆ తర్వాతే."

"ఎన్నాళ్లు పడుతుంది?" అని నీరసంగా అడిగాడు ఆంజనేయులు.

అంకారావు మీసం సవరించుకున్నాడు. "కొత్త షీట్లు రావాలి, అంచులకి రెండు పూతలు పడాలి, ఆరాలి. నెల రోజులండీ."

"నెలా!" అంది మాణిక్యం. "అంకారావుగారూ, వారంలో అవదాండీ?"

అందరూ ఆమెకేసి తిరిగారు. మాణిక్యం మొహం కందిపోయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి పారిపోయింది.