కుడివైపు జేబు

"పారేస్తరా? మతి ఉండే అంటున్నరా సారూ?"

ఎలిశిబా నాతో అన్న మొదటి మాట అది. నేను మెదక్ బడిలో పంతులుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. హెడ్మాస్టరు తప్ప నన్నెవరూ అంతవరకు కసరలేదు. నాకు ఒళ్లు మండింది.

జరిగింది ఇంతే. మూడు వారాల్లో నర్సాపూర్‌లో నాకు పెళ్లిచూపులు. కొత్త కోటు కుట్టించుకుందామని బక్కయ్య దర్జీ దుకాణానికి వెళ్లాను. చనిపోయిన మా నాన్న కోటును కొలతల కోసం పట్టుకెళ్లి, "పనైనంక పారెయ్యుండ్రి" అన్నాను. మిషను దగ్గరున్న ఆయన కూతురు ఎలిశిబా చటుక్కున లేచి ఆ కోటు లాక్కుంది. అంచు దగ్గర నాలుగు కుట్లు విప్పి లోపలి వైపు చూపించింది. పైన వెలిసి బూడిదరంగైన బట్ట లోపల నిగనిగలాడుతూ నల్లగా ఉంది.

"చూసిండ్రా? లోపలి దిక్కు ఎండ తాకనే లేదు. మొత్తం విప్పి, బట్ట తిరగేసి కుడితే కొత్త కోటే."

"తిరగేసిన కోటేసుకొని పెళ్లిచూపులకు పోవాల్నా?"

"పిల్ల మిమ్ముల చూస్తదా, కోటును చూస్తదా?"

బక్కయ్య నవ్వాడు. "దాంతోని వాదం వెట్టుకోకుండ్రి సారూ. మా దుకాణంల చెత్తబుట్ట గూడ ఉండనియ్యదు."

నిజంగానే లేదు. పెద్ద ముక్కలు బొంతలోకి, చిన్నవి దిండులోకి, ఊడిన గుండీలు బిస్కెట్ డబ్బాలోకి. దారప్పోగులు కూడా ఊడ్చి దిండులోకే తోసేది.

కోటు ఎంతవరకొచ్చిందో చూసే నెపంతో నేను రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ణి. వాన పడితే ఇంకా మంచిది, ఆగేదాకా కూర్చోవచ్చు.

"ఛత్రి చేతులనే ఉన్నది గద సారూ?" అనేది.

"ఈ గొడుగు కారుతది."

"ఇటియ్యుండ్రి, అతుకేస్త."

అతుకేస్తే నాకు కూర్చునే సాకు ఉండదు. అందుకే ఇవ్వలేదు.

ఒకనాడు కోటుకు లోపల వేసిన అస్తరు గుడ్డ విప్పుతుంటే సందులోంచి గోరంత సుద్దముక్క పడింది. ఎలిశిబా దాన్ని నా అరచేతిలో పెట్టింది. "మీ నాయిన గూడ పంతులేనా?"

తలూపాను.

"పారెయ్యుమంటిరి గద," అంది మెల్లగా. ఈసారి కసురు లేదు.

"ఇంత సక్కగ ఎందుకు కుడుతున్నవ్?" అని అడిగాను.

"నర్సాపూర్ పిల్లకు నచ్చాలె గద." ముఖం ఎత్తలేదు. సూది వేలికి గుచ్చుకుంది.

అప్పుడే తెలిసిపోయింది, నాకు ఈ పిల్లే కావాలని. చెప్పాలి. కానీ నర్సాపూర్ వాళ్లకు అమ్మ మాటిచ్చేసింది. చెప్పలేదు. పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

నర్సాపూర్‌లో పెళ్లికూతురి నాయనమ్మ యాదవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది.

"రొమ్ము మీది జేబు ఎడమదిక్కు గద ఉండాలె. నీకు కుడిదిక్కున్నదేంది బిడ్డా?"

తల దించి చూసుకున్నాను. బట్ట తిరగేస్తే ఎడమ భాగం కుడికొస్తుంది, దాంతో జేబూ అటు మారింది, ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు. అమ్మ నా తొడ గిల్లింది. ఫ్యాషన్ అని చెప్పి తప్పించుకోవచ్చు.

"తిప్పి కుట్టిన కోటు అవ్వా. మా నాయినది," అన్నాను.

అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. కుట్టు ఎలా విప్పిందో, పాత గుండీ రంధ్రాలను ఎలా పూడ్చిందో, దుకాణంలో చెత్తబుట్ట ఎందుకు లేదో, సుద్దముక్క సంగతేమిటో అన్నీ చెప్పాను. చాయ్ చల్లారిపోయింది.

"కుట్టిన పిల్ల ముచ్చట శాన జెప్పినవ్," అంది యాదవ్వ. "మా పిల్ల పేరేందో ఎరుకేనా నీకు?"

నాకు తెలియదు. తలుపు వెనక పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది.

"పో బిడ్డా, మెదక్ బస్సు దొరుకుతది," అంది ముసలమ్మ, కోపం లేకుండా.

బస్సులోంచి మెదక్ చర్చి కనబడగానే అమ్మ అడిగింది. "గా దుకాణం ఏడుందిరా?"

మేము వెళ్లేసరికి సన్నగా వాన. ఎలిశిబా మిషను ఆపింది.

"వాళ్లకు నచ్చిండ్రా సారూ?"

"లేదు. జేబు సంగతి పట్టేసిండ్రు."

ఆమె ముఖం పాలిపోయింది. "పాత జేబు కోత పూడిస్తే మచ్చ కనవడ్తదని జేబు ఆడనే ఉంచిన. నా పనే మిమ్ముల ఆగం జేసింది." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ పనే నన్ను బతికించింది. నువ్వు లేని సంబంధం నాకొద్దు ఎలిశిబా. ముందే చెప్పకపోవుడు నా తప్పు."

బక్కయ్య కత్తెర కింద పెట్టాడు. అమ్మ ముందుకొచ్చి నా కోటు కుట్లు వేలితో తడిమింది. ఎన్నో ఏళ్లు తాను బ్రష్ కొట్టి మేకుకు తగిలించిన కోటు అది.

"బిడ్డా," అంది, "గీ పిలగాన్ని గూడ జర తిప్పి కుడ్తవా? వద్దంటే చెప్పు, పారేస్త."

ఎలిశిబా కళ్లు తుడుచుకుంది.

"మా దుకాణంల ఏదీ పారెయ్యం అత్తమ్మా," అంది.