పెట్టె వెనక వైపు ఫోటో

తాళాల కొట్టు అబ్బాయి మ్యూజియంలో అడుగుపెట్టింది ప్రేమించడానికి కాదు, పోట్లాడటానికి. రెంటికీ పెట్టుబడి ఒకటేనని అప్పటికి అతనికి తెలియదు.

మ్యూజియం వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక పాత ఇత్తడి పెట్టె ఉంది. వేలితో జరిపితే అది తిరుగుతూ నాలుగు వైపులా కనిపిస్తుంది. కింద వివరణ, అందులో ఆఖరి వాక్యం: 'తాళంచెవి లేదు, దీన్ని తెరవడం ఎవరివల్లా కాదు.' మూడు తరాలుగా తాళాలు అమ్ముతున్న ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట, కొట్టు ముందు నిలబడి తిట్టినట్టు తోచింది.

సందేహాలుంటే రాయమన్నారు కదా అని రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. పదకొండోసారి కూడా రాశాక, వీధి దాటితే వచ్చే చోటికి ఇన్ని ఉత్తరాలెందుకనిపించింది. ఆ రోజు వాన. వానలో తాళాలు కొనడానికి ఎవరూ రారు. గొడుగు తీసుకుని బయల్దేరాడు.

టిక్కెట్ల కిటికీ పక్కన ఒక ఇరుకు గది. స్టాండుకు బిగించిన ఫోను, రెండు దీపాలు, తెల్లగుడ్డ పరిచిన తిరుగుడు పీట. పీట మీద ఒక పాత దువ్వెన, పక్కన బల్ల మీద పిడి లేని గుండ్రటి అద్దం. ఒకమ్మాయి పీటను వేలెడు తిప్పి ఫోటో తీస్తోంది, మళ్లీ వేలెడు తిప్పి మళ్లీ తీస్తోంది. అలా ముప్ఫయ్యారు ఫోటోలు తీస్తే గాని తెర మీద దువ్వెన ఒక్క చుట్టు తిరగదు.

"ఫిర్యాదు చెయ్యాలండి," అన్నాడు.

"రాసివ్వండి." తల ఎత్తలేదు.

"పదకొండు రాశాను."

అప్పుడు ఎత్తింది. "ఆ తాళాలబ్బాయి మీరేనా? ఎవరో రిటైరైన పెద్దాయన, పొద్దుపోక రాస్తున్నాడనుకున్నాను."

"తెరవలేని తాళమంటూ ఉండదండీ. ఆ మాట తీసెయ్యండి."

"తెరిచి చూపించండి, తీసేస్తాను."

"పెట్టె ఇవ్వండి, తెరుస్తాను."

ఆమె గోడ వైపు వేలు చూపించింది. 'చేతులు పెట్టరాదు' అని అక్కడ తాటికాయంత అక్షరాలతో బోర్డు.

బేరం తెగలేదు. తెగని బేరంలో ఒక సుగుణం ఉంది. మనిషి మళ్లీ రావలసి వస్తుంది.

వచ్చాడు. ఒకసారి గొడుగు మరిచిపోయానన్నాడు, ఒకసారి వాళ్ల బీరువా తాళం బిగుసుకుందని ఎవరో చెప్పారన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు, అయినా బీరువా చూపించింది. అతను తాళానికి నూనె వేస్తుంటే ఆమె చూసింది. ఆమె దువ్వెన తిప్పుతుంటే అతను చూశాడు. ఎవరు ఎక్కువ చూశారన్నది తేలలేదు.

ఆ రాకపోకల్లో ఆమె పని కూడా అర్థమైంది. మ్యూజియానికి వచ్చేవాళ్లు తక్కువ. వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్లను తీసేస్తే మరీ తక్కువ. అందుకని ఆమె మ్యూజియాన్నే పిల్లల దగ్గరికి తీసుకుపోతోంది. ప్రతి శనివారం ఫోను పట్టుకుని గదులన్నీ తిరుగుతూ లైవ్‌లో బడిపిల్లలకు వస్తువులు చూపిస్తుంది. వాళ్లు అడుగుతారు, ఈమె చెబుతుంది.

ఇదంతా పెద్దమేడమ్‌కు గిట్టదు. ముప్ఫై ఏళ్లుగా మ్యూజియం ఆవిడ చేతిలోనే ఉంది. వస్తువును చూడాలంటే దాని ముందు నిలబడాలని, ఫోనులో నేర్చింది ఫోనులోనే ఉండిపోతుందని ఆవిడ అభిప్రాయం. ఆరు నెలలు చేసి చూడమంది. ఆ గడువు ఈ నెలతో సరి. ఈలోగా బళ్లు తమంతట తాము అడిగి రాకపోతే ఫోను సొరుగులోకి, అమ్మాయి మళ్లీ టిక్కెట్ల కిటికీలోకి.

ఇది ఆమె నవ్వుతూనే చెప్పింది. సరుకు బాగుందని నవ్వేవాళ్లకీ, లేని ధైర్యం చూపించడానికి నవ్వేవాళ్లకీ తేడా తెలియనివాడు కొట్టు నడపలేడు. అతనికి తెలిసింది.

"లైవ్‌లో పెట్టె తెరుద్దాం," అన్నాడు.

పెట్టెను తాకక్కర్లేదని వివరించాడు. ఈ రకం తాళాల లోపలి అమరిక అతనికి కొట్టిన పిండి. తెలియాల్సిందల్లా కన్నం ఆకారం. అది పెట్టె వెనక వైపు ఉంది. అద్దాల అరలో పెట్టె వీపు గోడకే ఉండటంతో మ్యూజియంలో ఎవరికీ కనిపించదు గాని, వెబ్‌సైట్‌లో శుభ్రంగా కనిపిస్తుంది. పైన గుండ్రం, కింద చీలిక, చీలిక చివర కుడికి ఒక వంపు. పెట్టె ఎత్తు వివరణలో ఉండనే ఉంది. దాన్ని బట్టి కన్నం కొలత వచ్చేస్తుంది.

ఆమె పెద్దమేడమ్‌ను రెండు రోజులు బతిమాలి ఒప్పించింది. ఒకే ఒక్కసారి, అదీ చేతికి తొడుగు వేసుకుని.

ఇంట్లో నాన్నకు చెప్పాడు. నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ, "ఒరే, చూడకుండా కొలిచిన తాళంచెవీ చూడకుండా కుదిర్చిన సంబంధమూ ఒకటే. పడితే పడింది, లేకపోతే జన్మంతా ఆకురాయి పెట్టి అరగదీసుకోవడమే," అన్నాడు. ఆయనకు నియమాలెక్కువ. రెండు తాళంచెవులు లేనిదే తాళం అమ్మడు. అమ్మేటప్పుడు, రెండూ ఒకచోట పెట్టొద్దని కొన్నవాడికి చెప్పకుండా పంపడు.

శనివారం లైవ్‌లో నలభై బళ్లు చేరాయి. అంతకు ముందెప్పుడూ పది దాటలేదు. అర అద్దం పైకి లేపి పెట్టెను వెనక్కి తిప్పారు. పెద్దమేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మాయి ఫోను దగ్గరగా పట్టుకుంది. అతను తాళంచెవి కన్నంలో పెట్టాడు.

అది లోపలికి పోలేదు.

వంగి చూశాడు. చీలిక చివర వంపు ఎడమకి ఉంది. అతని చేతిలో ఉన్నదానికి కుడికి. ఫోటోలో కుడి మూల కనిపించిన సొట్ట కూడా ఇక్కడ ఎడమ మూలకు వచ్చింది. ఆమె బల్ల మీద ఎప్పుడూ ఉండే పిడి లేని గుండ్రటి అద్దం గుర్తొచ్చింది. ముఖం చూసుకోవడానికేమో అనుకున్నాడు ఇన్నాళ్లూ. అరకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు. పెద్దమేడమ్ అర తెరవనివ్వలేదు కనుక మిగతా మూడు వైపులూ గాజులోంచే తీసి, వీపు కోసం ఆ సందులో అద్దం పెట్టి, అద్దంలో కనిపించిన వీపును ఫోటో తీసింది. తెలివైన పనే, కాకపోతే తీశాక ఫోటోను తిరగెయ్యడం మరిచిపోయింది.

తాళాలవాడు లెక్క కట్టాడు. అందుకు ఎంతోసేపు పట్టలేదు. నిజం చెబితే, మ్యూజియం ఆరు నెలలుగా వస్తువును తిరగేసి చూపిస్తోందని నలభై బళ్లూ వింటాయి, పక్కనే పెద్దమేడమ్ కూడా వింటుంది. ఆ గది మూతపడుతుంది. చెప్పకపోతే కొట్టు పేరు పోతుంది. కొట్టు పేరు మూడు తరాలది, కాస్త అరిగినా నిలుస్తుంది. ఆ గదికి ఇంకా ఏడాదైనా నిండలేదు.

"కొలత నేను తప్పు తీసుకున్నాను," అన్నాడు ఫోను వైపు చూసి. "తప్పు నాదే."

తెరలోంచి ఒక పిల్ల గొంతు, "అంకుల్, మీకు తాళాలు నిజంగా వచ్చా?" అంది. నేర్చుకుంటున్నానన్నాడు.

లైవ్ ఆపేశాక అమ్మాయి అతని ముఖం చూడలేదు. "పదకొండుసార్లు రాయడానికున్న శ్రద్ధ ఒక్కసారి కొలవడానికి లేకపోయింది మీకు," అంది. అతను తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఈసారి గొడుగు నిజంగానే మరిచిపోయాడు. వాన కూడా అదను చూసుకుని అప్పుడే కురిసింది.

తడిసిన కొడుకుకు నాన్న తువ్వాలు అందించాడు. తర్వాత, కన్నం వంపు ఎటుందని అడిగాడు. ఎడమకన్నాడు. ఫోటోలో ఎటుందని అడిగాడు. కొడుకు తల తుడుచుకుంటూ ఉండిపోయాడు. నాన్నకు అంతే చాలు.

"ఈ బేరం నీకు కాస్త ప్రియంగానే పడిందిరా," అని ఊరుకున్నాడు.

సోమవారం ఆమె కొట్టుకు వచ్చింది. గొడుగు బల్ల మీద పెట్టింది, పక్కన తాళంచెవి, దాని పక్కన పిడి లేని అద్దం. బల్ల సర్దుతూ తాళంచెవిని తీసి అద్దం మీద పెట్టబోయిందట. అద్దంలో దాని వంపు, పెట్టె కన్నానికున్నట్టే, ఎడమకి కనిపించిందట.

"మీకు అక్కడే తెలిసింది," అంది.

"తెలిసింది."

"చెప్పొచ్చుగా."

అతను తన లెక్క చెప్పాడు, గది ఒక వైపు, కొట్టు ఒక వైపు. మెచ్చుకుంటుందని కొంచెం ఆశ కూడా ఉంది.

"అది నా బరువు. అడక్కుండా మోస్తే సాయమనరు, నన్ను తక్కువ తూచారంటారు. నా తప్పు నేను మొయ్యలేననుకున్నారా?"

నాన్న లోపల ఏదో వెతుక్కునే మిషతో లేచి వెళ్లాడు. ఆమె ఫోను తీసి చూపించింది. పెట్టె ఫోటో కింద అప్పటికే కొత్త వాక్యాలున్నాయి: 'ఈ ఫోటో అద్దంలో తీసినది. ఆరు నెలలుగా తిరగబడి ఉంది. తప్పు నాది, తాళాలబ్బాయిది కాదు. మిగతా ఫోటోల్లో తప్పులుంటే పట్టుకుని మాకు రాయండి.'

"పెద్దమేడమ్ చూశారా?"

"ఆవిడకు చెప్పాకే పెట్టాను. నెలాఖరుదాకా ఉండనిస్తానన్నారు. ఆ తర్వాత సంగతి చెప్పలేదు."

పిల్లలకు పెద్దవాళ్ల తప్పు పట్టుకోమంటే అంతకన్నా ఏం కావాలి. బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. దువ్వెన తలకిందులుగా ఉందని ఒకడు, బండిచక్రానికి వివరణలో రాసినదానికన్నా ఒక ఆకు, అంటే ఊచ, తక్కువుందని ఒకతె. చక్రం నిజంగా చూసి లెక్కపెట్టాలి, ఎప్పుడు రమ్మంటారని ఒక బడి మొత్తం అడిగింది. పెద్దమేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివింది. ఆపైన లేచి వెళ్లి ఆకులు తనే లెక్కపెట్టుకుంది. నిజంగానే ఒకటి తక్కువ.

మరుసటి శనివారానికి బళ్లు తొంభై దాటాయి. ఈసారి అర అద్దాన్ని పెద్దమేడమ్ తన చేత్తోనే ముందురోజే లేపి, అతన్ని స్వయంగా చూసి కొలుచుకోమంది. తాళంచెవి లోపలికి పోయింది, తిరిగింది. మూత లేచింది.

పెట్టెలో నగల్లేవు, ఉత్తరాల్లేవు. అడుగున ఒకే ఒక తాళంచెవి ఉంది. ఆ పెట్టెదే.

అతను పిల్లలకు వివరించాడు. ఇది మూత పడగానే తనంత తానే పడే తాళం. ఎవరో తాళంచెవి లోపల పెట్టి, మాటల్లో పడి మూత వేసేశారు. తొంభై బళ్లు ఒక్కసారే నవ్వాయి. పెద్దమేడమ్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడినుంచే, ఆ గది ఉండనివ్వండి, బల్ల మాత్రం కొంచెం పెద్దది వేయించుకోండి అంది.

అందరూ వెళ్లాక రెండు తాళంచెవులు పీట మీద మిగిలాయి. మా కొట్టు నియమం ప్రకారం రెండూ ఒకచోట ఉండకూడదన్నాడు అతను. ఒకటి ఇక్కడ ఉంటే రెండోది ఎక్కడుండాలని ఆమె అడిగింది. అతను ఏదో అనబోతూ ఆమె వైపు చెయ్యి చాపి, 'చేతులు పెట్టరాదు' బోర్డు చూసి ఆగాడు.

"ఏదైనా ఉంటే రాసివ్వండి," అంది ఆమె, ఫోను స్టాండుకు బిగిస్తూ.

మెట్ల మీద నిలబడి ఫోనులోనే పన్నెండోది రాశాడు: 'పెట్టె సంగతి తేలిపోయింది. ఇక రావడానికి నాకు సాకు లేదు. సాకు లేకుండా రావచ్చా?'

మొదటి పదకొండింటికీ రాని జవాబు, దీనికి అతను వీధి దాటేలోగా వచ్చింది: 'రావచ్చు. ఆదివారం మా ఇంటికి. మీ నాన్నగారితో.'

నాన్న ఫోను దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఈసారి నీ కళ్లతో చూసే కొలుచుకున్నావు కదరా?"

"చూసే నాన్నా."

"అయితే ఆకురాయి లోపల పెట్టెయ్," అని ఆయన తన మంచి చొక్కా ఎక్కడుందో వెతకడానికి లేచాడు.